స్త్రీ సమలైంగిక చారిత్రక నవలలు: తెర అనుసరణలు

గతకాలాన్ని నేపథ్యంగా తీసుకుని, స్త్రీల మధ్య ప్రేమను కథకు కేంద్రంగానో ప్రధానమైన పాయగానో నిలిపిన నవలలు సినిమాగా, టెలివిజన్ ధారావాహికగా మారినప్పుడు వచ్చే మార్పులు ఈ వ్యాసానికి విషయం. ఇటువంటి అనుసరణలు ఎక్కువగా బ్రిటన్, అమెరికాలలో వచ్చాయి. వాటిలో అన్నిటికన్నా స్వేచ్ఛ తీసుకున్నది, అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చినది మాత్రం దక్షిణ కొరియాది. వేల్స్‌లో 1966లో పుట్టిన సారా వాటర్స్ పేరు ఈ రంగంలో పదే పదే వస్తుంది. 1998–2009 మధ్య ఆమె ప్రచురించిన ఐదు నవలలూ తెరకెక్కాయి. వాటిలో నాలుగింటికి స్త్రీల ప్రేమ ప్రధాన వస్తువు.

మూలంతో పోల్చేటప్పుడు ఏ సన్నివేశం ఉంది, ఏది పోయింది అని లెక్క చూడడం మామూలు. ఈ నవలల విషయంలో ఆ లెక్క ఎక్కువ దూరం తీసుకుపోదు. వీటిలో చాలావాటి బలం కథ ఎవరి నోట వస్తోంది, ఆ మనిషి ఏది దాచింది, ఏది గమనించలేకపోయింది అన్నదానిమీద ఆధారపడింది. కెమెరా ముందుకు వచ్చాక ఆ దాపరికం ఏమైందో చూస్తే అనుసరణ స్వభావం తెలుస్తుంది.

పరిధి

ఈ వర్గంలోకి రెండు రకాల రచనలు వస్తాయి. రాసేనాటికే గతమైపోయిన కాలాన్ని ఊహించి రాసినవి మొదటి రకం. వాటర్స్ విక్టోరియన్ నవలలు, ఆలిస్ వాకర్ ‘ది కలర్ పర్పుల్’ (1982), ఫ్యానీ ఫ్లాగ్ ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్ ఎట్ ది విజిల్ స్టాప్ కెఫే’ (1987) ఇందులోవి. రాసినప్పుడు సమకాలీనమై, తెరకెక్కేనాటికి చరిత్రగా మారినవి రెండో రకం. ప్యాట్రీషియా హైస్మిత్ 1952 నవల ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’ ఇందుకు ఉదాహరణ. రచయిత్రి తన కాలం గురించి రాసింది, దర్శకుడు ఆ కాలాన్ని పునర్నిర్మించాడు. కాబట్టి రెండు రకాలనూ ఒకే కొలతతో కొలవడం సరికాదు.

డైరీలు, జీవితచరిత్రలు ఆధారంగా వచ్చిన చిత్రాలు ఈ పరిధిలోకి రావు. యార్క్‌షైర్ భూస్వామి ఆన్ లిస్టర్ (1791–1840) డైరీలపై ఆధారపడిన ‘జెంటిల్‌మన్ జాక్’ ధారావాహిక అటువంటిది. రక్తపిశాచి కథ ‘కార్మిల్లా’ (1872), దాని అనేక అనుసరణలు భయానక సాహిత్యం కింద చర్చించదగినవి.

చారిత్రక నేపథ్యం

బ్రిటన్‌లో పురుషుల సమలైంగికతను నేరంగా చూసిన చట్టాలు స్త్రీల సంబంధాలను ప్రత్యేకంగా పేర్కొనలేదు. ఫలితంగా కోర్టు రికార్డుల్లో వారి జాడ చాలా తక్కువ. దొరకని చరిత్రను నవలాకారులు ఊహతో నింపవలసి వచ్చింది. సారా వాటర్స్ నవలలు మొదలుపెట్టక ముందు 1870 తరవాతి సమలైంగిక చారిత్రక కల్పనా సాహిత్యంపైనే లండన్‌లో పీహెచ్‌డీ చేశారు. ఈ శూన్యం ఆమెకు పరిశోధనలో ఎదురుపడి, తరవాత నవలకు ముడిసరుకైంది.

ముద్రణకూ తెరకూ నిషేధాలు వేరువేరుగా ఉండేవి. ర్యాడ్‌క్లిఫ్ హాల్ రాసిన ‘ది వెల్ ఆఫ్ లోన్లీనెస్’ను 1928లో లండన్ కోర్టు అశ్లీలమని తీర్పు చెప్పి ధ్వంసం చేయమంది. హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ సమలైంగికత ప్రస్తావననే నిషేధించింది. లిలియన్ హెల్మన్ నాటకం ‘ది చిల్డ్రన్స్ అవర్’ను విలియం వైలర్ 1936లో తీసినప్పుడు, ఇద్దరు ఉపాధ్యాయినుల మీద పడిన నింద స్త్రీపురుష ముక్కోణ ప్రేమగా మారిపోయింది. అదే దర్శకుడు 1961లో మూలకథకు దగ్గరగా మళ్లీ తీశాడు. కోడ్‌ను సడలించిన సంవత్సరం కూడా అదే. నాటకం గనుక ఇది ఈ వ్యాసపరిధికి బయటిదే. అయినా, తెరకెక్కేటప్పుడు మొదట మాయమయ్యేది ఏమిటో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

బ్రిటిష్ టెలివిజన్‌లో జెనెట్ వింటర్సన్ నవల ‘ఆరెంజెస్ ఆర్ నాట్ ది ఓన్లీ ఫ్రూట్’ 1990లో బీబీసీ ధారావాహికగా వచ్చి దారి వేసింది. స్థానిక సంస్థలు సమలైంగికతను ప్రోత్సహించరాదన్న సెక్షన్ 28 అప్పటికి అమలులో ఉంది. ఇంగ్లండ్‌లో అది 2003లో రద్దయింది. బీబీసీ 2002లో ‘టిప్పింగ్ ద వెల్వెట్’ ప్రసారం చేసేనాటికి ఆ చట్టం ఇంకా అమలులోనే ఉంది. అది ప్రసార సంస్థలకు వర్తించేది కాదుగానీ, ధారావాహిక ఎలాంటి వాతావరణంలోకి వచ్చిందో ఈ తేదీలు చెబుతాయి.

మసకబారిన ప్రేమ: 1985, 1991

‘ది కలర్ పర్పుల్’ నవల ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల జార్జియా రాష్ట్రంలో సీలీ అనే నల్లజాతి యువతి రాసే ఉత్తరాల రూపంలో సాగుతుంది. మొదటి ఉత్తరాలు దేవుడికి, తరవాతివి చెల్లెలికి. గాయని షగ్ ఏవరీతో ఆమె ప్రేమ శారీరకమైనది, ఏళ్ల తరబడి సాగేది. సీలీ తన శరీరాన్ని, తన దేవుణ్ని కొత్తగా తెలుసుకునేది ఆ ప్రేమ ద్వారానే. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1985 చిత్రంలో అదంతా ఒక ముద్దు దగ్గర ఆగిపోయింది. ఆ భాగాన్ని తాను మెత్తబరిచానని స్పీల్‌బర్గ్ తరవాతి కాలంలో అంగీకరించాడు. చిత్రానికి 11 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, బహుమతి ఒక్కటీ రాలేదు. 2023లో బ్లిట్జ్ బజావులే దర్శకత్వంలో వచ్చిన సంగీత చిత్రం ఆ ప్రేమకు మరికొంత చోటిచ్చింది.

అలబామాలోని విజిల్ స్టాప్ అనే కల్పిత ఊరి కథ ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్’. నవలలో ఇడ్జీకి రూత్ మీద ఉన్నది ప్రేమ అని ఇంట్లో వాళ్లకు తెలుసు. వాళ్లు దాన్ని మామూలు విషయంగానే తీసుకుంటారు. జాన్ ఆవ్‌నెట్ 1991 చిత్రంలో అది గాఢస్నేహంగా కనిపిస్తుంది. వంటగదిలో ఇద్దరూ ఒకరిమీద ఒకరు తిండి విసురుకునే సన్నివేశాన్ని ప్రణయసన్నివేశానికి బదులుగా పెట్టానని దర్శకుడు చెప్పాడు. చిత్రానువాదంలో నవలా రచయిత్రికీ భాగముంది. మూలకర్త పాల్గొన్నంత మాత్రాన మూలం యథాతథంగా నిలుస్తుందన్న నమ్మకం లేదని ఇక్కడ తేలుతుంది. సమలైంగికుల చిత్రణను పరిశీలించే అమెరికన్ సంస్థ గ్లాడ్ ఈ చిత్రానికి పురస్కారం ఇచ్చింది. అంటే చెప్పకుండా వదిలినదాన్ని కూడా ఆనాటి ప్రేక్షకులు చదువుకోగలిగారు.

కథనస్వరం: కెమెరా ముందు దాపరికం

‘టిప్పింగ్ ద వెల్వెట్’ (1998)లో విట్‌స్టబుల్ తీరంలో ఆల్చిప్పలు ఒలిచే కుటుంబంలోని నాన్సీ ఆస్ట్లీ తన గతాన్ని తానే చెబుతుంది. మగవేషం కట్టి పాడే కిట్టీ బట్లర్‌పై ప్రేమతో లండన్ మ్యూజిక్ హాళ్లకు చేరుతుంది. కిట్టీ ద్రోహం తరవాత మగ దుస్తుల్లో వీధుల పాలై, డయానా అనే ధనవంతురాలి ఇంట విలాసవస్తువుగా బతికి, చివరికి తూర్పు లండన్‌లో సోషలిస్టు కార్యకర్త ఫ్లోరెన్స్ దగ్గర స్థిరపడుతుంది. ఆండ్రూ డేవిస్ రచన, జెఫ్రీ సాక్స్ దర్శకత్వంలో బీబీసీ టూలో వచ్చిన మూడు భాగాల ధారావాహిక నవలలోని మూడు అంకాలను దాదాపు అలాగే అనుసరించింది. నాన్సీగా రేచెల్ స్టర్లింగ్, కిట్టీగా కీలీ హాస్ నటించారు. నవలలో వయసు మళ్లిన గొంతు, యవ్వనపు తప్పటడుగులను దూరం నుంచి చూస్తుంది. తెరమీద ఆ దూరం తగ్గి, సంఘటనలు అప్పటికప్పుడు జరుగుతున్నట్టు ఉంటాయి. రంగస్థలపు వెలుగు, వేషధారణ నిండుగా వచ్చాయి. విక్టోరియా పార్కు సోషలిస్టు సభతో ముగిసే నవలకున్న రాజకీయ బరువు మాత్రం పలచబడింది. ప్రసారానికి ముందు పత్రికలు శృంగార సన్నివేశాలపైనే దృష్టి పెట్టడం కూడా ఆ పలచదనాన్ని పెంచింది.

‘అఫినిటీ’ (1999) మరింత కష్టమైన మూలం. థేమ్స్ ఒడ్డున, ఇప్పుడు టేట్ బ్రిటన్ చిత్రశాల ఉన్న చోట, ఒకప్పుడు మిల్‌బ్యాంక్ జైలు ఉండేది. 1870లలో అక్కడికి ఖైదీలను పలకరించడానికి వెళ్లే సంపన్న అవివాహిత మార్గరెట్ ప్రయర్, ఆత్మలతో మాట్లాడతానని చెప్పే ఖైదీ సెలీనా డాస్‌పై మనసు పడుతుంది. కథ ఇద్దరి డైరీలలో నడుస్తుంది. మార్గరెట్ ఇంటి పనిమనిషి వైగర్స్ డైరీలో అప్పుడప్పుడు, పేరుకు మాత్రం వస్తుంది. పనివాళ్లను చూసీ చూడని ఆ వర్గపు అలవాటే చివరి మోసానికి తెర కడుతుంది. ఎందుకంటే సెలీనా ప్రియురాలు, తోడుదొంగ ఆ వైగర్సే. పాఠకులు కూడా మార్గరెట్ లాగే ఆమెను దాటుకుంటూ పోతారు. తెరమీద ఇది ఇబ్బంది. పనిమనిషి అంటే ఒక నటి, ఒక ముఖం. ఆమెను ఎక్కువ చూపిస్తే రహస్యం బయటపడుతుంది, అసలు చూపించకపోతే చివర్లో ఆమె ఎవరో గుర్తుకే రాదు. డేవిస్ రాయగా టిమ్ ఫైవెల్ తీసి, ఐటీవీలో 2008 డిసెంబర్‌లో ప్రసారమైన చిత్రం మోసాన్ని కథగా నిలబెట్టింది. ఆ మోసంలో మన చూపుకున్న వాటా మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

‘ది నైట్ వాచ్’ (2006) కాలాన్ని వెనక్కి నడిపిస్తుంది: 1947, 1944, చివరికి 1941. యుద్ధకాలపు లండన్‌లో అంబులెన్స్ నడిపే కే, ఆమె ప్రేమించిన హెలెన్, హెలెన్ వెళ్లిచేరిన జూలియాల కథ ఇది. రిచర్డ్ లాక్స్‌టన్ తీసిన 2011 బీబీసీ చిత్రం ఆ వెనుకనడకను నిలుపుకుంది. దాదాపు గంటన్నర నిడివికి కుదించడంలో చిన్న పాత్రలు నలిగాయి.

ఫింగర్‌స్మిత్: ఒక నవల, రెండు రూపాలు

2002లో వచ్చిన ‘ఫింగర్‌స్మిత్’ ఈ అధ్యయనానికి అత్యుత్తమ ఉదాహరణ. దీన్ని రెండు సార్లు, రెండు ఖండాల్లో, పూర్తిగా భిన్నమైన ఉద్దేశాలతో తెరకెక్కించారు. (కథ మలుపులు ఈ భాగంలో పూర్తిగా చర్చించబడ్డాయి.)

నవల 1862లో మొదలవుతుంది. లండన్ లాంట్ స్ట్రీట్‌లో మిసెస్ సక్స్‌బీ అనే ఆమె దగ్గర, దొంగసొత్తు చేతులు మారే ఇంట్లో పెరిగిన సూ ట్రిండర్, ‘జెంటిల్‌మన్’ అనే మోసగాడి పథకం ప్రకారం బ్రయర్ అనే గ్రామీణ భవనంలో మాడ్ లిల్లీకి పనిమనిషిగా చేరుతుంది. మాడ్‌ను అతను పెళ్లాడి, ఆస్తి రాయించుకుని, ఆమెను పిచ్చాసుపత్రిలో వేయాలన్నది ఎత్తు. మొదటి భాగం సూ గొంతుతో సాగి, ఆసుపత్రి గుమ్మంలో తలకిందులవుతుంది: లోపలికి తోసేది సూను. రెండో భాగంలో అదే కాలాన్ని మాడ్ చెబుతుంది. అమాయకురాలిగా కనిపించిన ఆమె, మామయ్య సేకరించిన అశ్లీల గ్రంథాలను పెద్దమనుషుల ముందు బిగ్గరగా చదవడానికి పెంచబడిన మనిషి. ఆ గ్రంథాలయానికి ప్రేరణ విక్టోరియన్ యుగపు నిజమైన సేకరణకర్త హెన్రీ స్పెన్సర్ యాష్‌బీ. తరవాత మరో రహస్యం బయటపడుతుంది. పసితనంలో ఇద్దరినీ మార్చేశారు. దొంగల ఇంట పెరిగిన సూ దొరసాని కూతురు, భవనంలో పెరిగిన మాడ్ సక్స్‌బీ కూతురు.

పీటర్ రాన్స్‌లీ రాసి ఐస్లింగ్ వాల్ష్ దర్శకత్వం వహించిన మూడు భాగాల ధారావాహిక 2005లో బీబీసీ వన్‌లో వచ్చింది. సూగా శాలీ హాకిన్స్, మాడ్‌గా ఎలెయిన్ కాసిడీ, మిసెస్ సక్స్‌బీగా ఇమెల్డా స్టాంటన్ నటించారు. రెండు గొంతుల నిర్మాణం, పిల్లల మార్పిడి, సక్స్‌బీ ఉరి, చివరి కలయిక, అన్నీ దాదాపు ఉన్నాయి. ఇక్కడి అసలు బరువు కాసిడీ మీద పడింది. మొదటి భాగంలో ఆమె ముఖం సూకు అమాయకంగా కనిపించాలి. రెండో భాగంలో అదే చూపులు మళ్లీ వచ్చినప్పుడు అపరాధభావంగా అర్థం కావాలి. నవల ఈ పనిని కథకురాలి అజ్ఞానంతో సాధించింది. ధారావాహిక నటనతో సాధించింది, అదీ చాలావరకు విజయవంతంగానే.

పార్క్ చాన్-వుక్ 2016 చిత్రం ‘ది హ్యాండ్‌మెయిడెన్’ కథను 1930లలో జపాన్ పాలన కింద ఉన్న కొరియాకు తీసుకువెళ్లింది. బ్రిటిష్ ధారావాహిక ఒకటి అప్పటికే ఉండటం ఈ మార్పుకు ఒక కారణమని దర్శకుడు చెప్పాడు. సూ స్థానంలో కొరియా జేబుదొంగ సూక్-హీ (కిమ్ టే-రి), మాడ్ స్థానంలో జపాన్ కులీన యువతి హిదెకో (కిమ్ మిన్-హీ) వచ్చారు. మామయ్య కోజుకి జపనీయుడిగా మారాలని తపించే కొరియన్. మోసగాడు జపాన్ ప్రభువుగా నటించే కొరియన్. ఇంగ్లండులోని వర్గభేదం మీద వలసపాలన ఇంకో పొరగా పడింది. పాత్రలు రెండు భాషల్లో మాట్లాడతాయి, అంతర్జాతీయ ప్రదర్శనల్లో సబ్‌టైటిళ్లను రెండు రంగుల్లో వేశారు. ఎవరు ఎప్పుడు ఏ భాషను ఎంచుకుంటున్నారో గమనిస్తేనే అధికారం ఎటు మొగ్గుతోందో తెలుస్తుంది. ఈ పని చేసే సాధనం నవలలో లేదు.

మొదటి మలుపు వరకు చిత్రం నవల వెంటే నడుస్తుంది. తరవాత విడిపోతుంది. నవలలో ఇద్దరు స్త్రీలూ ఒకరినొకరు మోసగించుకుంటారు, ఇద్దరూ సక్స్‌బీ చేతిలో పావులు. చిత్రంలో రెండో భాగం బయటపెట్టే రహస్యం వేరు. చెట్టుకు ఉరిపోసుకోబోయిన హిదెకోను సూక్-హీ పట్టుకుని నిజం ఒప్పుకుంటుంది, అక్కడినుంచి వాళ్లిద్దరూ ఒకే పక్షం. పిల్లల మార్పిడి పూర్తిగా పోయింది, సక్స్‌బీ పాత్ర కుంచించుకుపోయింది. ఇది చిన్న నష్టం కాదు. దొర, దొంగ అన్న తేడా పుట్టుకలో లేదని వాటర్స్ నిరూపించింది ఆ మార్పిడితోనే. కన్నబిడ్డను వదులుకుని, పెంచినబిడ్డను మోసగించి, చివరికి ఇద్దరి కోసం ఉరికంబమెక్కిన తల్లి కథ కూడా దానితోపాటే పోయింది.

ప్రతిగా వచ్చినది గ్రంథాలయ ధ్వంసం. హిదెకో ఏళ్లుగా మగవాళ్ల ముందు చదవవలసి వచ్చిన పుస్తకాలను సూక్-హీ చింపి, సిరా పోసి, నీళ్లలో ముంచుతుంది. తరవాత హిదెకో కూడా చేయి కలుపుతుంది. నవలలో మాడ్ అటువంటి రాతలనే తన జీవనోపాధిగా చేసుకుని, తనను బంధించిన ప్రక్రియను తన చేతుల్లోకి తీసుకుంటుంది. ఒకచోట విధ్వంసం, మరోచోట స్వాధీనం. రెంటిలోనూ మగవాళ్ల కోసం తయారైన భాష స్త్రీల వశమవుతుంది. చిత్రం తన పుస్తకం నుంచి ‘ప్రేరణ’ పొందినది అని వేస్తే చాలని వాటర్స్ భావించారు. అయినా స్త్రీలు పురుషుల అశ్లీల సంప్రదాయాన్ని తమకోసం మలచుకోవడమన్న మూలభావానికి అది కట్టుబడిందని ఆమె మెచ్చుకున్నారు. పరస్పర దృష్టికోణాల నిర్మాణాన్ని కూడా చిత్రం వదల్లేదు. సంఘటనల లెక్కలో దూరమైన ఈ అనుసరణ, కథనపద్ధతిలో మూలానికి అతి సమీపంగా ఉందని చెప్పవచ్చు.

దీనిమీద గట్టి అభ్యంతరం కూడా ఉంది. శృంగార సన్నివేశాల కూర్పు పురుష దర్శకుడి చూపును దాటలేదని, కథ ఖండించే ప్రదర్శననే చిత్రం కొంతవరకు తానూ చేస్తోందని పలువురు విమర్శకులు రాశారు. స్త్రీలిద్దరి మధ్య నవ్వు, సంభాషణ, సమానత ఆ సన్నివేశాలను వేరు చేస్తాయని సమర్థకుల వాదన. చిత్రానువాదంలో చుంగ్ సియో-క్యుంగ్ అనే రచయిత్రి భాగస్వామి అన్నది ఈ చర్చలో తరచూ మరుగున పడుతుంది. చిత్రం 2016 కాన్ ఉత్సవంలో పోటీపడింది, 2018లో ఇంగ్లిషేతర చిత్రాల విభాగంలో బాఫ్టా గెలుచుకుంది.

కాలం మార్చిన కొలత: కరోల్

హైస్మిత్ ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’ను క్లెయిర్ మోర్గన్ అనే మారుపేరుతో ప్రచురించింది. సొంతపేరుతో, ‘కరోల్’గా అది 1990లో వచ్చింది. ఫిలిస్ నేగీ రాసి టాడ్ హేన్స్ తీసిన చిత్రం 2015లో విడుదలైంది. నవల మొత్తం దుకాణంలో పనిచేసే యువతి థెరీస్ చూపులోనే ఉంటుంది, కరోల్ ఆమెకు ఎంత అర్థమైతే మనకూ అంతే. చిత్రం కరోల్ ఇంటిలోకి, లాయర్ల గదిలోకి వెళ్లి, కూతురిని కోల్పోతున్న తల్లిగా ఆమెకు సొంత గొంతు ఇచ్చింది. రంగస్థల అలంకరణ నేర్చుకుంటున్న థెరీస్ ఫొటోగ్రాఫర్ అయింది. చూసే మనిషి చేతికి కెమెరా ఇవ్వడం నవలలోని ఒంటరి చూపుకు మంచి ప్రత్యామ్నాయం. ఎడ్ లాక్‌మన్ సూపర్ 16 ఎం.ఎం. ఫిల్మ్‌పై చిత్రించాడు. వర్షం పడిన కారు అద్దాల వెనక, తలుపు సందుల్లో మనుషులు కనిపించడంతో, బయటికి చెప్పుకోలేని ఆ కాలపు ప్రేమ దృశ్యరూపం పొందింది. థెరీస్‌గా నటించిన రూనీ మారా కాన్‌లో ఉత్తమనటి పురస్కారం పంచుకుంది.

ముగింపులు

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో ఇటువంటి కథలు చావుతోనో, పిచ్చితోనో, పెళ్లితోనో ముగియడం వాడుక. ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’ ఆశతో ముగియడమే ఆ రోజుల్లో దాని ప్రత్యేకత. చిత్రం ఆ ముగింపును కాపాడింది. అన్నిసార్లూ ఇలా జరగలేదు. ఫియోనా షా (అదే పేరుగల ఐరిష్ నటి వేరు) 2009 నవల ‘టెల్ ఇట్ టు ద బీస్’లో 1950లలో చిన్న ఊరి డాక్టరు జీన్, బిడ్డతల్లి లిడియా చివరికి కలిసే ఉంటారు. ఆనబెల్ జాంకెల్ 2018 చిత్రం వాళ్లను విడదీసింది. కష్టపడి సంపాదించిన ఆనందాన్ని తీసేయడం తన పుస్తకం ఉద్దేశానికే విరుద్ధమని రచయిత్రి బహిరంగంగా చెప్పింది. ఆనాటి సమాజంలో అలాంటి జంట నిలవగలదా అన్న ప్రశ్న మాటున, వాస్తవికత పేరుతో, పాత శిక్ష మళ్లీ వచ్చిందని ఆమె వాదనను సమర్థించినవాళ్లు భావించారు. ఆ వాదనలో బలముంది. అలాంటి జంటలు ఆ కాలంలో నిజంగానే జీవితాంతం కలిసి ఉన్న దాఖలాలు చరిత్రలో దొరుకుతాయి.

మూలకర్తే దర్శకురాలైనప్పుడు

1950ల దక్షిణాఫ్రికాలోని భారతీయ కుటుంబాల మధ్య సాగే ‘ది వరల్డ్ అన్‌సీన్’ (2001) నవలను రాసిన షమీమ్ షరీఫ్, 2007 చిత్రానికి తానే దర్శకత్వం వహించింది. అణిగిమణిగి బతికే ఇల్లాలు మిరియమ్‌గా లీసా రే, కెఫే నడిపే స్వతంత్రురాలు అమీనాగా షీతల్ శేఠ్ నటించారు. వర్ణవివక్ష చట్టాలు, సొంత సమాజపు పెళ్లి కట్టుబాట్లు రెండూ ఒకే సమయంలో ఆ ఇద్దరిమీద పడతాయి. నవలలోని నెమ్మదినీ, చాలా విషయాలను చెప్పకుండా వదిలే పద్ధతినీ చిత్రం నిలుపుకుంది.

సంబంధిత రూపాలు

వాటర్స్ నవలలు రంగస్థలం మీదికి కూడా వచ్చాయి. అలెక్సా యుంగే చేసిన ‘ఫింగర్‌స్మిత్’ నాటకీకరణ 2015లో ఆరిగన్ షేక్స్‌పియర్ ఫెస్టివల్‌లో ప్రదర్శితమైంది. అదే ఏడాది లారా వేడ్ రాసిన ‘టిప్పింగ్ ద వెల్వెట్’ లండన్‌లోని లిరిక్ హామర్‌స్మిత్‌లో వచ్చింది. మ్యూజిక్ హాల్ కథకు మ్యూజిక్ హాల్ వేదికే దొరికిన ఆ నాటకంలో నాన్సీ కథను చెప్పే బాధ్యత, సుత్తి పట్టుకుని ప్రేక్షకులను నవ్వించే ఒక పురుష సభాధ్యక్షుడికి అప్పగించారు. ప్రదర్శన కాలపు ఆచారం ప్రకారం అది సరైనదే. అయితే నవలలో ఆ కథ చెప్పే హక్కు మొదటినుంచి చివరిదాకా నాన్సీది.